అమ్మాయి కాలేజీ ఖర్చు, కాలిక్యులేటర్లు చెప్పిన లెక్క

మామయ్యగారు ఖమ్మం నుంచి ఫోన్ చేసినప్పుడల్లా కుశల ప్రశ్నలు అయ్యాక తప్పకుండా అడిగే మాట ఒకటి ఉండేది: "పాప కాలేజీకి ఏడాదికి ఎంతవుతుందమ్మా?" 2024 వేసవి అంతా నేను ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేకపోయాను. ఒకే కాలేజీలో ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చునే ఇద్దరు పిల్లల్లో ఒకరి తల్లిదండ్రులు ఎనభై వేల డాలర్లు, మరొకరి తల్లిదండ్రులు ఎనిమిది వేల డాలర్లు కడతారని, మేము ఏ వరుసలోకి వస్తామో ఇంకా తెలియదని చెబితే ఆయన కాసేపు ఆలోచించి, "అయితే మన మిర్చి యార్డులో జెండా పాట లాంటిదన్నమాట" అన్నారు. యార్డులో ఉదయం పాడే జెండా పాట ధర పేపర్లో వస్తుంది, ఊరంతా దాని గురించే మాట్లాడుకుంటుంది, కాని తేమ అనీ తాలు అనీ తగ్గించగా రైతు చేతికి వచ్చే ధర వేరుగా ఉంటుంది. న్యూజెర్సీలో ఉంటూ ఏడాదిపాటు ఇంగ్లిషు వ్యాసాలు చదివిన నాకు అంత చక్కటి పోలిక దొరకలేదు. తేడా అల్లా అక్కడ తగ్గితే రైతుకు నష్టం, ఇక్కడ తగ్గితే మనకు లాభం.

అమెరికా కాలేజీల వెబ్‌సైట్లలో కనిపించే పూర్తి ఖర్చును ఇక్కడివారు స్టిక్కర్ ప్రైస్ అంటారు. ట్యూషన్, ఫీజులు, వసతి, భోజనం, పుస్తకాలు, ప్రయాణాలు, చిల్లర ఖర్చులు అన్నీ అందులో కలిసి ఉంటాయి. దానిలోంచి తిరిగి చెల్లించనక్కరలేని గ్రాంట్లను, స్కాలర్‌షిప్పులను తీసివేస్తే మిగిలేది నెట్ ప్రైస్, అంటే కుటుంబం భరించవలసిన నికర ఖర్చు. ఆ నికర ఖర్చును దరఖాస్తు చేయక ముందే అంచనా వేసుకోవడానికి వీలుగా ఒక కాలిక్యులేటరును వెబ్‌సైటులో పెట్టి తీరాలని 2008 నాటి ఉన్నత విద్యా అవకాశాల చట్టం ఆదేశించింది. ఫెడరల్ ఆర్థిక సహాయం పొందుతూ డిగ్రీ మొదటి సంవత్సరంలో పూర్తికాల విద్యార్థులను చేర్చుకునే ప్రతి కాలేజీకీ అది 2011 అక్టోబరు 29 నుంచి తప్పనిసరి అయింది. పదిహేనేళ్ల నుంచి ఈ దేశంలో ఉంటున్న నాకు ఇలాంటిది ఒకటి ఉందని అమ్మాయి పదకొండో తరగతి పూర్తయ్యే దాకా తెలియదు. మా ఊళ్లో కాలేజీ సలహాదారులకు వేల డాలర్లు కట్టిన తల్లిదండ్రులు కూడా కొందరు దాని పేరు వినలేదన్నారు. కాలేజీలు దాన్ని దాచిపెట్టవు గాని ముంగిట్లో కూడా పెట్టవు. కాలేజీ పేరు పక్కన "నెట్ ప్రైస్ కాలిక్యులేటర్" అని వెతికితే తప్ప చాలాచోట్ల అది కంటపడదు.

మొదటి ఆదివారం సాయంత్రం మావారూ నేనూ భోజనాల బల్ల మీద కాగితాలన్నీ పరుచుకుని కూర్చున్నాం. ముందటేడు పన్ను రిటర్ను, ఇద్దరి జీతాల వివరాలుండే డబ్ల్యూ-2 పత్రాలు, బ్యాంకు నిల్వలు, పిల్లల చదువుకు పొదుపు చేసుకునే 529 ఖాతా స్టేట్‌మెంటు, ఇంటి అప్పు మీద ఇంకా కట్టవలసిన మొత్తం, ఇవి దగ్గర ఉంటే ఒక్కో కాలిక్యులేటరుకు పావుగంట చాలు. లేకపోతే ప్రతి ప్రశ్న దగ్గరా లేచి సొరుగులు వెతకవలసి వస్తుంది. మా ఆదాయం అంటే 1040 అనే పన్ను ఫారంలో పదకొండో గడిలో ఉండే సవరించిన స్థూల ఆదాయమేనని, జీతం చీటీలో కనిపించే మొత్తం కాదని అర్థం చేసుకోవడానికే మాకు తొలి అరగంట పట్టింది. సోషల్ సెక్యూరిటీ నంబరు ఎక్కడా అవసరం పడలేదు. కొన్ని కాలేజీలు పేరు, ఈమెయిల్ అడుగుతాయి గాని చాలాచోట్ల వాటిని ఖాళీగా వదిలేసినా లెక్క ముందుకు సాగుతుంది.

కాలిక్యులేటర్లన్నీ ఒక్క తీరుగా ఉండవన్నది మేము తెలుసుకున్న మొదటి సంగతి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన నమూనాను యథాతథంగా వాడే కాలేజీలు వయసు, ఇంట్లో ఎంతమంది, ఎంతమంది కాలేజీలో చదువుతున్నారు, ఆదాయం ఏ శ్రేణిలో ఉంది, విద్యార్థి ఎక్కడ ఉండబోతున్నాడు అని పది లోపు ప్రశ్నలు అడిగి, ఆ శ్రేణిలో గతంలో చేరిన విద్యార్థులకు సగటున ఎంత గ్రాంటు ఇచ్చారో చెప్పి ఊరుకుంటాయి. ఆస్తుల ఊసుగాని, మార్కుల ఊసుగాని అందులో ఉండదు కాబట్టి అది మన అంచనా అనడం కంటే మనలాంటివాళ్ల సగటు అనడం సబబు. రెండో రకం కాలిక్యులేటర్లు పన్ను రిటర్నులోని గళ్లతో మొదలుపెట్టి, ఇంటి విలువ, పదవీ విరమణ పొదుపు, వైద్య ఖర్చులు, శాట్ మార్కులు దాకా నలభై యాభై ప్రశ్నలు అడుగుతాయి. విసుగు పుట్టించినా నమ్మదగ్గవి అవే. ఈ రెంటికీ మధ్య మైఇన్‌ట్యూషన్ అనేది ఉంది. వెల్స్లీ కాలేజీలో ఆర్థికశాస్త్రం బోధించే ఫిలిప్ లెవిన్ 2013 లో తన కాలేజీ కోసం తయారుచేసిన ఆ సాధనాన్ని తరువాత డజన్ల కొద్దీ కాలేజీలు తీసుకున్నాయి. అది కొద్దిపాటి ప్రశ్నలకే జవాబిస్తుంది. ఒకే అంకెకు కట్టుబడకుండా, అంచనాతో పాటు తక్కువలో తక్కువ ఎంత ఉండవచ్చో, ఎక్కువలో ఎక్కువ ఎంత ఉండవచ్చో కూడా చూపడం నాకు నచ్చింది. అంచనా అన్నాక దానికి అటూ ఇటూ ఉండడమే నిజాయితీ.

అంకె వచ్చాక ఆ పేజీని చదవడంలోనే అసలు చిక్కు ఉంది. అవి ఏ విద్యా సంవత్సరానికి చెందిన ఖర్చులన్నది పైన చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మేము చూసిన వాటిలో రెండు కాలేజీలు రెండేళ్ల కిందటి లెక్కలే చూపించాయి. ఫీజు ఏటా పెరిగే చోట రెండేళ్ల తేడా అంటే అది వేల డాలర్ల మాట. దానికంటే ముఖ్యమైనది కింద వచ్చే చివరి వరుస. చట్టం ప్రకారం నెట్ ప్రైస్ అంటే గ్రాంట్లు, స్కాలర్‌షిప్పులు మాత్రమే తీసివేయగా మిగిలేది. కాని కొన్ని కాలేజీలు ఆ వరుస కింద మరో వరుస చేర్చి, విద్యార్థి పేరున వచ్చే ఫెడరల్ రుణాన్ని, క్యాంపస్‌లో పనిచేసి సంపాదించుకోవలసిన వర్క్-స్టడీ మొత్తాన్ని కూడా తీసేసి, మిగిలినదాన్ని పెద్ద అక్షరాల్లో మన ముందు పెడతాయి. మొదటి సంవత్సరంలో తల్లిదండ్రులపై ఆధారపడిన విద్యార్థికి వచ్చే ఫెడరల్ రుణ పరిమితి 5,500 డాలర్లు. వర్క్-స్టడీ మరో రెండు వేలు అనుకుంటే, రెండు కాలేజీల మధ్య కనిపించే ఏడు వేల అయిదు వందల తేడా అసలు తేడాయే కాకపోవచ్చు. అప్పు తీర్చవలసినది పాపే, గిన్నెలు కడిగి సంపాదించవలసినదీ పాపే. అందుకని మేము ఒక ఎక్సెల్ షీటులో గ్రాంట్లకు ఒక వరుస, అప్పులకు వేరొక వరుస పెట్టుకుని, ఏ కాలేజీ ఏ పేరు పెట్టినా మా వరుసల్లోనే నింపుకున్నాం.

మొదటి వారం మూడు కాలేజీలకు లెక్క కట్టాం. పక్క రాష్ట్రంలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి నిమిషంలో జవాబు వచ్చింది: బయటి రాష్ట్రం విద్యార్థులకు గ్రాంటు సున్నా, ఖర్చు 58,000 డాలర్లు. మార్కులకు స్కాలర్‌షిప్ ఇచ్చే ఒక మధ్యతరహా ప్రైవేటు కాలేజీ 74,000 లోంచి 24,000 తగ్గించి 50,000 చూపింది. అమ్మాయికి బాగా మనసైన న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు ప్రైవేటు కాలేజీ 88,000 స్టిక్కర్ ప్రైసు మీద మాకు 52,000 అవుతుందని చెప్పింది. ఇవి పెట్టుకుని చూస్తే పేరు చిన్నదైన కాలేజీ కంటే పేరు పెద్దదైన కాలేజీ కేవలం రెండు వేలు ఎక్కువ. అమ్మాయి ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగును నేనే ఆర్పవలసి వస్తుందని అప్పుడు అనుకోలేదు.

రెండో ఆదివారం మరో కాలేజీ కాలిక్యులేటరులో "ఇల్లు కాక ఇతర స్థిరాస్తి విలువ" అనే గడి వచ్చింది. నేను టైపు చేయడం ఆపి మావారి వైపు చూశాను. ఖమ్మం బైపాస్ దగ్గర ఆయన పేరున ఉన్న ప్లాటు ఇద్దరికీ ఒకేసారి గుర్తుకొచ్చింది.

"ఇండియాలో ఉన్నది కూడా చెప్పాలాండీ?"

"ఇతర స్థిరాస్తి అన్నాడు గాని అమెరికాలో ఉన్న స్థిరాస్తి అనలేదు కదా."

ఆయన చెప్పిందే నిజం. ఫెడరల్ సహాయానికి పెట్టే ఫాఫ్సా దరఖాస్తులో కూడా ఆస్తి ఏ దేశంలో ఉన్నా డాలర్లలోకి మార్చి చూపవలసిందే. మామయ్యగారిని అడిగితే కోటీ పది లక్షలు పలుకుతుందన్నారు. అప్పటి మారకం రేటు మీద అది సుమారు 1,31,000 డాలర్లు. మనవాళ్లలో ఈ గడి దగ్గర తడబడని కుటుంబం అరుదు. శంషాబాద్ వైపు ఒక ప్లాటో, విజయవాడలో అద్దెకిచ్చిన ఫ్లాటో, నాన్నగారు పేరున రాసిన రెండెకరాలో లేనివారు ఎంతమంది? "అది మనది అనుకోలేదు, పెద్దవాళ్లే చూసుకుంటారు" అనే మాట ఇంట్లో చెల్లుతుంది గాని ఫారంలో చెల్లదు. పట్టా ఎవరి పేరున ఉందన్నదే లెక్క. పెద్దవాళ్ల పేరునే ఉంటే మాత్రం చూపనక్కరలేదు.

దాని ప్రభావం ఎంత ఉంటుందో చేత్తో కట్టి చూసుకోవచ్చు. ఫెడరల్ సూత్రంలో తల్లిదండ్రుల ఆస్తిలో 12 శాతాన్ని ఆదాయంలో కలిపి, ఆ మొత్తం మీద గరిష్ఠంగా 47 శాతం వరకు కుటుంబం చదువుకు పెట్టగలదని భావిస్తారు. రెండూ గుణిస్తే 5.64 శాతం. మా ప్లాటు మీద అది ఏడాదికి దాదాపు 7,400 డాలర్లు. మేము ఉంటున్న ఇంటి విలువను, 401కె వంటి పదవీ విరమణ ఖాతాల నిల్వలను ఫాఫ్సా అసలు లెక్కలోకి తీసుకోదు. 529 ఖాతా తల్లిదండ్రుల ఆస్తిగానే లెక్కకు వస్తుంది. పిల్లల పేరున బ్యాంకులో వేసిన డబ్బు మీద మాత్రం 20 శాతం పడుతుంది కాబట్టి, పుట్టినరోజుకు తాతయ్యలు ఇచ్చినదంతా పాప పేరున దాచిన పదివేలకు రెండు వేలు లెక్కలోకి వస్తే, అదే మా పేరున ఉంటే అయిదువందల అరవై నాలుగు వచ్చేది. ఈ సంగతి పుట్టినప్పుడే చెప్పేవారు ఉంటే బాగుండేది.

ప్లాటు చేర్చక ముందు ప్రభుత్వ వెబ్‌సైటులోని ఫెడరల్ స్టూడెంట్ ఎయిడ్ ఎస్టిమేటర్ మా స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్సును, అంటే ఏడాదికి మేము చదువుకు పెట్టగలమని ఆ ఫెడరల్ సూత్రం తేల్చే అంకెను, 44,000 దగ్గర చూపింది. చేర్చాక అది 51,000 దాటింది. ఇదే పని చేసిన పాత ఈఎఫ్‌సీ అనే అంకె స్థానంలో 2024-25 నుంచి వచ్చిన ఈ సూచీ సున్నా కంటే కిందికి, మైనస్ 1,500 దాకా కూడా పోగలదు. సూచీ అడుగున ఉన్న కుటుంబాల పిల్లలకు ఫెడరల్ ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంటు పూర్తిగా, అంటే 2025-26 లో 7,395 డాలర్లు అందుతుంది. మాలాంటి రెండు జీతాల ఇంటికి అందులో ఒక్క డాలరు కూడా రాదు. మా రాష్ట్రపు విశ్వవిద్యాలయం మొత్తం ఖర్చు మా సూచీ కంటే తక్కువ కాబట్టి అక్కడ అవసరం ప్రాతిపదికన గ్రాంటు రాదని కాలిక్యులేటరు తెరవకుండానే తేలిపోయింది. ఒక పెద్ద అంకెను ఒక చిన్న అంకెలోంచి తీసివేయలేమన్న సంగతి అంత స్పష్టంగా తెలియడం కూడా ఒక రకమైన నిశ్చింత.

పేరున్న ప్రైవేటు కాలేజీల దారి వేరు. అవి ఫాఫ్సాతో పాటు కాలేజీ బోర్డు నడిపే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే మరో దరఖాస్తును అడుగుతాయి. అందులో సొంత ఇంటి మీద ఉన్న ఈక్విటీ (అప్పు పోగా మిగిలే విలువ) దగ్గర్నుంచి విడిపోయిన తల్లి లేదా తండ్రి ఆదాయం దాకా చాలా సంగతులు లాగుతారు. అమ్మాయికి నచ్చిన కాలేజీ అలాంటిదే. దాని కాలిక్యులేటరు ఇతర స్థిరాస్తిని విడిగా అడగలేదు; "పెట్టుబడులు" అన్న గడిలో మేము షేర్ల విలువ మాత్రమే రాసి ముందుకు పోయాం. మార్చిలో ప్రవేశం దొరికింది, దానితో పాటే సహాయ పత్రం కూడా వచ్చింది: 52,000 అనుకున్నది 61,000. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు ఫోన్ చేస్తే అక్కడి ఉద్యోగిని చాలా మర్యాదగా, ప్రొఫైల్‌లో మేము నిజాయితీగా చూపిన ప్లాటు, 401కె లోకి ఆ ఏడాది మేము వేసుకున్న మొత్తం, ఈ రెండూ కాలిక్యులేటరులో లేవని వివరించింది. కాలిక్యులేటరు అడగకపోవడం దాని లోపమే. కాని పెట్టుబడులు అంటే షేర్లేనని ఊహించుకోవడం మా పొరపాటు. తొమ్మిది వేలు అంటే నాలుగేళ్లకు ముప్పై ఆరు వేలు. ఆ సాయంత్రం పాప తన గది తలుపు వేసుకుంది.

మార్కుల మీద ఇచ్చే స్కాలర్‌షిప్పుల విషయంలో కాలిక్యులేటర్లు మాకు ఎక్కువ మేలు చేశాయి. అవసరం ప్రాతిపదికన ఏమీ రాని కుటుంబానికి మిగిలే దారి మెరిట్ ఒక్కటే, కాని మెరిట్ ఇచ్చే కాలేజీలు చాలావరకు మనవాళ్ల జాబితాల్లో ఉండవు. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ వంటి ఐవీ లీగ్ కాలేజీలేవీ మెరిట్ స్కాలర్‌షిప్పులు ఇవ్వవు. మధ్యతరహా కాలేజీ కాలిక్యులేటరు జీపీఏ అడిగినప్పుడు నేను ముందు 4.4 రాశాను. అది 4.0 కు మించి తీసుకోకపోవడంతో, కష్టమైన కోర్సులకు అదనపు పాయింట్లు కలిపి హైస్కూలు ఇచ్చే వెయిటెడ్ సంఖ్య కాదని, అన్‌వెయిటెడ్ 3.9 రాయాలని తెలిసింది. స్కేలు సరిచూసుకోకుండా రాస్తే వేల డాలర్ల స్కాలర్‌షిప్ ఉన్నట్టో లేనట్టో భ్రమ కలుగుతుంది. ఆ కాలేజీ అంచనా 24,000 అయితే చేతికి వచ్చింది 26,000. అన్నిటిలోకీ దగ్గరగా చెప్పింది అదే. కాలిక్యులేటరులో మెరిట్ ప్రస్తావనే లేని చోట నేను కాలేజీలు తమ గణాంకాలతో ప్రచురించే కామన్ డేటా సెట్‌లోని హెచ్ విభాగాన్ని తెరిచేదాన్ని. ఆర్థిక అవసరం లేని విద్యార్థులు ఎంతమందికి, సగటున ఎంత మెరిట్ ఇచ్చారో చాలా కాలేజీలు అక్కడ చెబుతాయి. కాలిక్యులేటరు చెప్పని సంగతి ఆ ఒక్క పట్టికలో ఉంటుంది.

ఆదాయ శ్రేణిని బట్టి ప్రతి కాలేజీ సగటు నికర ఖర్చు చూపే, విద్యాశాఖ నడిపే కాలేజీ స్కోర్‌కార్డు ఉందిగా అని అడిగేవారు ఉంటారు. ఒక కాలేజీని మరొకదానితో స్థూలంగా పోల్చడానికి అది మంచిదే. కాని అందులో ఆదాయ శ్రేణులు అయిదే; పైదైన అయిదోది 1,10,001 డాలర్ల దగ్గర మొదలై అంతులేకుండా పోతుంది. లక్షా ఇరవై వేల ఆదాయమున్న ఇల్లూ, అయిదు లక్షల ఆదాయమున్న ఇల్లూ ఒకే గోనెలో పడతాయి. పైగా ప్రభుత్వ కాలేజీలకు ఆ సగటు సొంత రాష్ట్రపు విద్యార్థులది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉండి కాలిఫోర్నియా కాలేజీని చూసేవారికి ఆ అంకెతో ఏమీ ఒరగదు.

ఏడాది ఆదాయం లక్షా ఎనభై వేలు, లక్షా తొంభై వేల డాలర్ల దగ్గర ఉన్న మనవాళ్లు చాలామంది "మనకెందుకు ఇస్తారు" అని కాలిక్యులేటరు తెరవను కూడా తెరవరు. అక్కడే పొరపాటు జరుగుతుంది. 2025-26 నుంచి హార్వర్డ్, ఎంఐటీ రెండూ సాధారణ స్థాయి ఆస్తులుండి ఆదాయం 2,00,000 డాలర్లకు మించని కుటుంబాలకు ట్యూషన్ లేకుండా చేశాయి; ప్రిన్స్‌టన్ 1,50,000 దాకా ఉన్న చాలా కుటుంబాలకు మొత్తం ఖర్చే లేకుండా చేసింది. చేరడం ఎంత దుర్లభమో అది వేరే సంగతి, కాని చేరితే సొంత రాష్ట్రపు కాలేజీ కంటే చౌకగా పడే కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి. "సాధారణ స్థాయి ఆస్తులు" అన్న చిన్న మాట దగ్గర మళ్లీ మన ప్లాట్లు వచ్చి నిలబడతాయి.

ఏ సంవత్సరపు ఆదాయం తీసుకుంటారన్నది మరో మెలిక. 2025-26 లో చేరినవారికి 2023 పన్ను రిటర్ను, అంటే పిల్లలు పదో తరగతి సగం నుంచి పదకొండో తరగతి సగం దాకా నడిచిన సంవత్సరం. మావారికి ఆ ఏడాదే కంపెనీ ఇచ్చిన షేర్లు ఎక్కువగా వెస్ట్ అయ్యాయి, అంటే ఆయన సొంతమై ఆదాయంలో కలిశాయి. నాకు తెలిసిన ఒకరు సరిగ్గా అలాంటి సంవత్సరంలోనే ఊళ్లో ఇల్లు అమ్మారు. ఇక్కడి పన్ను ప్రపంచవ్యాప్త ఆదాయం మీద కాబట్టి ఆ లాభమంతా రిటర్నులోకి వచ్చి, ఒక్క ఏడాదికి వారు ధనవంతులైపోయారు. ఉద్యోగం పోయినా, ఇలాంటి ఒకసారి ఆదాయం వచ్చినా కాలిక్యులేటరుకు చెప్పే గడి ఉండదు. కాలేజీ ఆఫీసుకు ఆధారాలతో ఉత్తరం రాసి పునఃపరిశీలన కోరవచ్చు, అంగీకరించడం వారి ఇష్టం. విడాకులు, సొంత వ్యాపారం ఉన్న ఇళ్లకు కూడా కాలిక్యులేటరు అంచనా గురి తప్పుతుంది.

ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే భారం సగమవుతుందని నమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. ఫెడరల్ సూత్రంలో ఆ వెసులుబాటు 2024-25 నుంచి పోయింది. సీఎస్ఎస్ అడిగే కాలేజీల్లో మాత్రం చాలావరకు ఇప్పటికీ చూస్తారు, అందుకే ఆ ప్రశ్నకు జవాబు కాలేజీని బట్టి మారుతుంది.

నవంబరు 1 నాటికి ఎర్లీ డెసిషన్ పెట్టాలా వద్దా అన్న చర్చ మా ఇంట్లో రెండు వారాలు నడిచింది. సీటు ఇస్తే చేరతామని ముందే మాట ఇచ్చి, ఇతర కాలేజీలతో సహాయాన్ని పోల్చుకునే అవకాశాన్ని వదులుకునే పద్ధతి అది. సహాయం చాలకపోతే తప్పుకోవచ్చన్న మినహాయింపు ఉన్నా, అంచనా ఎంతవరకు నమ్మవచ్చో తెలియకుండా మాట ఇవ్వడం నాకు మింగుడుపడలేదు. పెట్టలేదు. తరువాత ఆ తొమ్మిది వేల తేడా చూశాక పాప కూడా అది మంచిదే అయిందంది.

మా చెల్లెలి కొడుకు హైదరాబాదు నుంచి ఎమ్మెస్‌కు దరఖాస్తు చేస్తూ ఈ లింకులు పంపమని అడిగాడు. అతనికి ఇవి పనికిరావు. ఈ కాలిక్యులేటర్లు తొలిసారి డిగ్రీలో చేరే పూర్తికాల విద్యార్థులకే, అదీ అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవారు వంటి ఫెడరల్ అర్హత గలవారిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఎమ్మెస్ విద్యార్థి, వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలో చూపే ఖర్చును, తన విభాగం ఇచ్చే అసిస్టెంట్‌షిప్పులను చూసుకోవాలి. ఇక్కడే పెరిగినా, తల్లిదండ్రుల హెచ్-1బీ ఆధారంగా వచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ సహాయం లేదు. కాలిక్యులేటరు ఆ సంగతి అడగకుండానే ఆశ పెట్టే అంకె చూపవచ్చు. తల్లిదండ్రులు హెచ్-1బీ లో ఉన్నా ఇక్కడ పుట్టిన బిడ్డకు మాత్రం అర్హత పూర్తిగా ఉంటుంది. ఈ రెండు పరిస్థితులు ఒకే ఇంట్లో అక్కకూ తమ్ముడికీ ఉండడం నేను చూశాను.

సహాయ పత్రాలు చేతికి వచ్చాక పని అయిపోతుందనుకుంటాం. 2022 లో ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం పరిశీలించినప్పుడు 91 శాతం కాలేజీలు తమ పత్రాల్లో నికర ఖర్చును చెప్పడం లేదని, లేదా తక్కువ చేసి చెబుతున్నాయని తేలింది. మాకు వచ్చిన అయిదు పత్రాల్లో ఒకదానిలో తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ అనే ఫెడరల్ రుణాన్ని "అవార్డు" కింద రాసి, కట్టవలసినది సున్నా అని చూపారు. ఆ రుణానికి 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవారికి ఏడాదికి 20,000, ఒక్కో విద్యార్థికి మొత్తం 65,000 డాలర్ల పరిమితి కాబట్టి ఆ సున్నా ముందుముందు చూపడం అంత సులభం కాదు. కాలిక్యులేటర్ల కోసం చేసుకున్న మా ఎక్సెల్ షీటు అక్కడ మళ్లీ పనికొచ్చింది: ఆ పత్రంలోని సున్నా మా వరుసల్లోకి వచ్చేసరికి 46,000 అయింది.

పాప చివరికి మా రాష్ట్రపు విశ్వవిద్యాలయంలోనే చేరింది. గ్రాంటు లేకపోయినా ఏడాదికి 37,000 తో అయిపోతోంది. మామయ్యగారికి ఇప్పుడు అంకె చెప్పగలిగాను. ఆయన దాన్ని రూపాయల్లోకి మార్చుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మా అబ్బాయి ఇప్పుడు పదో తరగతిలో ఉన్నాడు. వాడు 2028 లో చేరతాడు కాబట్టి వాడికి లెక్కకు వచ్చేది 2026 ఆదాయం. ఖమ్మం ప్లాటుకు బేరం కుదిరిందని, సంక్రాంతి వెళ్లాక రిజిస్ట్రేషన్ పెట్టుకుందామని మామయ్యగారు కిందటి వారం ఫోన్ చేశారు. అమ్మినా డబ్బు ఆస్తిగా లెక్కకు వస్తూనే ఉంటుంది గాని, లాభం 2026 రిటర్నులో పడితే ఆదాయం కూడా పెరుగుతుందని వివరించి, కార్తీకం దాటకుండా మంచిరోజు చూడమని అడిగాను. మావారు పవర్ ఆఫ్ అటార్నీ పత్రం కోసం కాన్సులేటు అపాయింట్‌మెంటు వెతుకుతున్నారు.